రెండో కంటి రసీదు

మొదటి కంటికి ఆపరేషన్ అయినప్పుడు నేను చేసిన పనిని నా బిడ్డ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నాకు ఒక్కతే బిడ్డ. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారు చేసే కంపెనీలో ఇంజనీరు. ఆపరేషన్ ఖర్చుకని నా ఖాతాలో డబ్బు వేసింది. నేను బ్యాంకుకు వెళ్లి అదంతా తీసి, కొంగున ముడేసుకుని సంగారెడ్డి కంటి ఆసుపత్రికి పోయాను. చేతిలో నోట్లుంటేనే కదా బేరం సాగేది! ఐదువందలు తగ్గించుకుని, గెలిచినట్టే ఇల్లు చేరాను.

రసీదు చూసి నా బిడ్డ తల పట్టుకుంది.

"నగదు కట్టినవా? ఏందమ్మా, ఇగ ఇది నా టాక్సుల చెల్లదు!"

అప్పుడు విడమరచి చెప్పింది. అరవై దాటిన తల్లికి ఆరోగ్య బీమా లేకపోతే, ఆమె వైద్యానికి పిల్లలు పెట్టిన ఖర్చును ఒక హద్దు వరకు వాళ్ల ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదానికే పన్ను వేస్తారట. నోట్లు ఇస్తే మాత్రం కుదరదు. బ్యాంకు నుంచో ఫోన్ నుంచో కట్టాలి. నేను మిగిల్చిన ఐదువందలకు ఎన్నో రెట్లు నా బిడ్డకు పన్ను పడింది.

రెండో కంటి ఆపరేషన్‌కు నా బిడ్డే సెలవు పెట్టి నా వెంట వచ్చింది.

"కొడుకు కడ్తున్నడా అవ్వా?" అన్నాడు కౌంటర్ దగ్గర అబ్బాయి.

"కొడుకు లేడు. నా బిడ్డ కడ్తది."

"అయితే అల్లుని పేరు రాయాల్నా?"

"ఆయన పేరు రాస్తే చెల్లదు తమ్మీ," అంది నా బిడ్డ. "అత్త ఖర్చు అల్లుని లెక్కలకు రాదు. నా పేరే రాయి."

వెనక వరుసలో నిలబడ్డ ముసలామె ఊరుకోలేదు. "ఆడిబిడ్డ సొమ్ము తినుడేందమ్మా? అత్తగారింట్ల ఏమనుకుంటరు?"

కొన్నేళ్ల కిందటైతే ఆ మాట నేనే అనేదాన్ని. బిడ్డ జీతంతో చాయ్ తాగడానికి కూడా నాకు మనసొప్పేది కాదు.

"ఏమన్న అనుకోనీ," అన్నాను. "అల్లుడు రాసుకుంటనన్నా సర్కారు ఒప్పుకోదంట. నన్ను రాసుకునే హక్కు నా బిడ్డకే ఉన్నది."

నా బిడ్డ ఫోన్‌తో కట్టింది. రసీదు నేనే చేతిలోకి తీసుకున్నాను. అంతా ఇంగ్లీషు. నాకున్నది నాలుగో తరగతి తెలుగు చదువు. నా బిడ్డ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. చూపించింది.

వెనక్కి తిరిగి ఆ ముసలామెకు కూడా చూపించాను.