మేడ్చల్ కోర్టు బోనులో బాపు

మా బాపు మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఊళ్లో అందరూ ఆయన్ని దేవుడంటారు. ఆ దేవుడి వెంట ఒక్క రోజు కోర్టుకు పోయి చూస్తే తెలుస్తుంది.

మాది శామీర్‌పేట. చెరువులో చేపలు పట్టి బతికే ఇల్లు. బాపు పట్టిన చేపల్ని డబ్బాలో వేసి, బండి వెనక కట్టుకుని, మా తమ్ముడు సూరారం తీసుకుపోయి అమ్మేవాడు. ఆ పొద్దున కరీంనగర్ రోడ్డు మీద ఎడమ పక్కగా తన దారిన తాను పోతున్నాడు. తుర్కపల్లి నుంచి ఖాళీగా వస్తున్న క్యాబ్ ఒకటి కుడి లైనులోంచి అతన్ని దాటింది. బస్టాపులో ఎవరో చెయ్యెత్తారని, ఇండికేటర్ కూడా వేయకుండా ఎడమకు కట్ కొట్టింది. తమ్ముడు పోయి దానికి గుద్దుకున్నాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

మూడో నాడు పిట్టకు పిండం పెట్టి వచ్చేసరికి ఆ డ్రైవర్ తల్లి మా గడపలో కూర్చుని ఉంది. బాపు కాళ్లు పట్టుకుంది.

"నా కొడుకు అన్నం ముడ్తలేడన్నా. సస్తనంటుండు."

నాకైతే ఆమెను రెక్క పట్టి బయటికి ఈడ్వాలనిపించింది. కానీ మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. చావింటికి వచ్చి ఏడ్చిన మనిషిని, పగవాళ్లయినా సరే, ఓదార్చే పంపాలి. బాపు ఆమెను లేపి, చుట్టాలందరూ వింటుండగా అన్నాడు.

"ఊకో చెల్లె. తప్పంత నీ కొడుకుదే గాదు. మావోడు గూడ మస్తు స్పీడ్ తోల్తుండె."

పచ్చి అబద్ధం. చేపల డబ్బా ఎక్కడ జారిపడుతుందోనని తమ్ముడు బండిని నడిపించుకుపోయినట్టే పోయేవాడు. ఎడ్లబండి అని మేమే వాణ్ని ఏడిపించేవాళ్లం. ఆ సంగతి బాపుకు తెలియదా? తెలుసు. ఎదుటి మనిషి ఏడుస్తుంటే ఆయనకు ఒళ్లు తెలియదు, అంతే.

తర్వాత మేడ్చల్ కోర్టులో నష్టపరిహారం కేసు వేశాం. తమ్ముడి భార్యకు, మా మరదలికి, ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్లు మా దగ్గరే ఉండి చదువుకుంటారా, తలో దిక్కు పోతారా అన్నది ఆ కేసు మీదే ఆధారపడి ఉంది. రోడ్డు పక్కన జామపండ్లు అమ్మే ఆమె వచ్చి, కారు ఎట్లా అడ్డం తిరిగిందో ధైర్యంగానే చెప్పింది. తమ్ముడి బండి ఎంత వేగంగా వచ్చిందో మాత్రం తాను గమనించలేదంది.

బీమా కంపెనీ వకీలు బాపును చాలా మర్యాదగా అడిగాడు.

"పెద్దాయనా, డ్రైవర్ తల్లి మీ ఇంటికి వచ్చినప్పుడు, మీ కొడుకు స్పీడుగా నడిపేవాడని అన్నారా?"

లేదనమని తల అడ్డంగా ఊపాను. బాపు నన్ను చూశాడు, చూసి కూడా చెప్పాడు.

"అన్న సారూ."

"అయితే మీవాడిది స్పీడే కదా?"

"గాదు సారూ, మెల్లగనే తోల్తుండె. ఆమె ఏడుస్తాందని గట్లన్న."

"అంటే అప్పుడు ఆమెకు అబద్ధం చెప్పారు. ఇప్పుడు మాకు నిజం చెబుతున్నారు. అంతేనా?"

చావింటి మర్యాద గురించి జడ్జికి చెప్పాలని మా వకీలు ఏదో ప్రయత్నించాడు గానీ, అది నాకే కుంటిసాకులా వినిపించింది.

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను.

"ఆ దినం నోరు మూస్కుంటె ఏం పోతుండె బాపూ?"

"ఆమె గూడ తల్లే గద బిడ్డా."

"మరి వాన్ని కన్న మా అమ్మ ఎవరు?" అన్నాను.

తప్పు ఇద్దరిదీ చెరిసగం అని తీర్పు వచ్చింది. రావలసింది సగానికి తెగింది. పిల్లల్ని హాస్టల్లో వేసి తుర్కపల్లిలో ఊడ్చే పనికి పోవడం తప్ప మరదలికి దారి లేకపోయింది. ఆ సాయంత్రం ఆమె గోడకు ఒరిగి ఏడుస్తుంటే, బాపు లేచి దగ్గరికి వెళ్లాడు. ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేం జెప్పకు మామా. నువ్వు ఓదార్చినప్పుడల్ల తప్పు ఆయన మీదికే వస్తాంది."

ఆనాటి నుంచి ఇంట్లో ఎవరు ఏడ్చినా బాపు చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోతాడు.