మేక తిన్న ముఖం

కాశిబుగ్గలో పెద్దులు పగలంతా మగ్గం నేసేవాడు, శుక్రవారం తెల్లవారుతుండగా సినిమా పోస్టర్లు అతికించేవాడు. అంచు చూసి చీర ఎవరికి నప్పుతుందో చెప్పినట్టే, పోస్టరు చూసి కథ చెప్పేవాడు. ఆకాశం ఎర్రగా ఉంటే కొట్లాట, హీరోయిన్ మూలన చిన్నగా ఉంటే ఎడబాటు. వాడకట్టంతా చెవులు రిక్కించేది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో సినిమా హాలు మేనేజరు జయరాజు తొలిసారి చౌరస్తాలోని పెద్ద గోడ అతనికి ఇచ్చాడు. జనం బాగా వస్తే ఆ గోడ ఇక అతనిదే. ఆ సంబరంలోనే పొరపాటు జరిగింది. పోస్టరు జిగురులో పశువులు ముట్టకుండా మైలుతుత్తం అనే విషం కలుపుతారు. పెద్దులు మాత్రం ఇంట్లో మగ్గం పడుగు నూలుకు పట్టించే గంజినే బకెట్లో పోసుకొచ్చాడు. అతికించి, చాయ్ తాగి వచ్చేసరికి ఒక మేక తోపుడుబండి ఎక్కి హీరో ముఖాన్ని కమ్మగా నములుతోంది.

సద్ది తెచ్చిన భార్య పోశవ్వ పకపకా నవ్వింది. "గంజి గంత కమ్మగుంటే మేకదేం తప్పు?"

పెద్దులుకు నవ్వు రాలేదు. గోడ చేజారిపోయినట్టే అనుకుంటూ మేకను అదిలించాడు. అప్పుడు చూశాడు: హీరోయిన్ కళ్లు ఆ ఖాళీవైపే తిరిగి ఉన్నాయి. తల్లి చేయి అటే చాచి ఉంది. విలన్ కత్తి మొన కూడా అటే. గాలి కూడా అటే వీస్తున్నట్టుంది.

"ఏమే, నూలుకేసే ఎర్ర రంగు తేపో! జర జల్ది!"

పోశవ్వ పరుగెత్తి తెచ్చింది. చిరిగిన అంచులను ముఖం ఆకారంలో సరిచేసి, ఇద్దరూ లోపలంతా ఎర్రగా పూశారు. గోడలో సూర్యుడు పొడిచినట్టయింది.

స్కూటర్ దిగిన జయరాజు తలపట్టుకున్నాడు. "ప్రభువా! మొగమేదిరా పెద్దులూ?"

"మేక తిన్నది సారూ."

"దానికి హీరోనే దొరికిండా!"

ఇంతలో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో పోతున్న బండ్లు ఆగిపోయాయి.

"ఎవడే ఆడు? అందరు ఆన్నే చూస్తాండ్రు!"

"దొంగనో, దేవుడో!"

"లోపటికి పోయి చూస్తే తెలుస్తది" అని అరిచాడు పెద్దులు.

మ్యాట్నీకి హాలు గేటు వంగిపోయేంత జనం. చెమట తుడుచుకుంటూ జయరాజు అన్నాడు: "గోడ నీదే. ఆ మేక ఎవరిదైనా సరే, ఇంట్ల కట్టేసుకోమను."

పెద్దులు ఆ మాట సగమే విన్నాడు. పోశవ్వ అప్పటికే అతని చేయి పట్టి లాగుతోంది. "నడువయ్యా, ఆ మొగం నేను సుత చూడాలె!"

ఎర్రటి అరచేతులతో ఇద్దరూ జనంలోకి దూరిపోయారు.