నేరేడు డ్రమ్ము మూత

ఏళ్ళ తరబడి నేనొక బరువు మోస్తున్నాను. చూడబోతే అది ఒక ప్లాస్టిక్ డ్రమ్ము మూత, అంతే. దించుకోవడానికి మీరు తప్ప ఎవరూ కనిపించలేదు. విసుక్కోకుండా వినండి. విసుక్కోవడం నా వంతు.

మా కొంపల్లి అపార్ట్‌మెంట్లో ఆదివారం వస్తే చాలు, పండ్ల వైనరీ చూడ్డానికి పోదామంటారు. మేడ్చల్ వైపు మామిడి వైనట, ఇంకోచోట సపోటా వైనట. గ్లాసు తిప్పుతారు, వాసన చూస్తారు, మట్టి వాసన తగులుతోందని ఒకరికొకరు చెప్పుకుంటారు. నాకు మాత్రం ఏ గ్లాసులోనైనా వెనిగరే తగులుతుంది. తెలిసీ ఎందుకు పోతాను? రానంటే ఎందుకని అడుగుతారు, అందుకు.

శామీర్‌పేట దాటాక మా తమ్ముడికి నేరేడు తోట ఉంది. అక్కడ వైన్ పెట్టాలన్నది వాడి భార్య సుజాత ఆలోచన. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ ఆమే, పండు ఎంత మగ్గాలో చూసుకున్నదీ ఆమే. మా అమ్మ కంటికి మాత్రం అదంతా పెద్ద తొక్కు జాడీ, ఊరగాయలాంటిదే. తొక్కుకున్న పట్టింపులన్నీ దానికీ పెట్టింది. ముట్టయిన రోజుల్లో సుజాత వైన్ పులిసే డ్రమ్ముల గదిలో అడుగు పెట్టకూడదు. నాకు ఒళ్ళు మండేది. ఏనాడైనా నోరు విప్పానా? లేదు.

ఒక ఆదివారం మా ఆఫీసు వాళ్ళను తీసుకుపోయాను, గొప్ప చూపించుకోవడానికే. సుజాతకు అవే రోజులు. గడప బయట కుర్చీ వేసుకుని కూర్చుని, తాళంచెవి నాకిచ్చి, మూతలు మాత్రం తీయొద్దంది. మూతకు నీళ్ళు పోసిన చిన్న గొట్టం ఉంటుంది. లోపలి గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. మా వాళ్ళు వాసన చూస్తామన్నారు. నేనూ అంతా తెలిసినదానిలా ఒక మూత ఎత్తాను. తిరిగి పెడితే బిగుసుకోలేదు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని వచ్చేశాను. ఎవరు చూసుకుంటారు? చూసుకునే మనిషిని మేమే గడప బయట కూర్చోబెట్టాం కదా.

ఆ రోజులు గడిచి ఆమె లోపలికి పోయేసరికి డ్రమ్ము మీద ఈగలు మూగి ఉన్నాయట. తర్వాత ఎంత చూసుకున్నా వైన్ నిలవలేదు, పుల్లబడి వెనిగరైపోయింది. అమ్మ నన్ను పిలిపించి, నా ఎదుటే పంచాయితీ పెట్టింది.

“గా మూడొద్దులు అటు దిక్కు పోకు అంటె ఇన్నదా? తొక్కే బూజు వడ్తది, గిది వడదా?”

సుజాత నా వైపు తిరిగింది. “వదినా, నువ్వు ఆడ్నే ఉన్నవు గద. నేను గడప దాటిన్నా? నువ్వన్న జెప్పు.”

“ఏమో సుజాతా, నేను సూడలే” అన్నాను.

ఆడబిడ్డ మాట. అత్తగారింట్లో అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది? ఇంట్లో లొల్లి వద్దని తమ్ముడు గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ మూడు రోజులకే కాదు, ఏ రోజుకూ ఆమె మళ్ళీ లోపలికి పోలేదు. జీతానికి ఇంకొకరిని పెట్టారు. అమ్మ పోయి చాలాకాలమైంది, తాళంచెవి ఇంకా తమ్ముడి జేబులోనే ఉంది.

ఎందుకలా అన్నాను? అమ్మ తిడుతుందనా? చిన్నప్పటి నుంచి తింటున్న తిట్లే కదా. ముట్టు పట్టింపుల మీద ఆఫీసు క్యాంటీన్లో ఉపన్యాసాలు దంచే నేనే, అవసరం పడగానే పోయి ఆ పట్టింపు వెనకే దాక్కున్నాను. ఇది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది, ఆ అసహ్యాన్ని తీసుకుపోయి గ్లాసులు తిప్పేవాళ్ళ మీద చూపిస్తుంటాను.

మొన్న మా అపార్ట్‌మెంటు వాళ్ళు మా తమ్ముడి తోటకే పోదామంటే పోయాం. షెడ్డు కింద సుజాత గ్లాసుల్లో పోస్తోంది. లోపల ఎట్లా చేస్తారని ఒకావిడ అడిగింది. “నాకు తెల్వదమ్మా, ఆయన్ని అడుగుర్రి” అంది సుజాత. పక్కనే నిలబడి నేను గ్లాసు తిప్పుతున్నాను.

ఆమెను క్షమించమని అడిగే మొహం నాకింకా లేదు. మీకు చెబితే చాలదనీ తెలుసు. కానీ ఆ రోజు అనాల్సిన మాట ఎక్కడో ఒకచోట అనేస్తే తప్ప నాకు ఊపిరాడేట్టు లేదు. మూత తీసింది నేను. సరిగ్గా పెట్టనిది నేను. సుజాత గడప దాటలేదు. నేను చూశాను.