చీమలు చూపించిన జాగ

ఎవరైనా తాయెత్తు కట్టుకొస్తే వాళ్లతో వాదనకు దిగేదాన్ని నేను. సిద్దిపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. అయినా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. కాలేజీలు బంద్. లెక్చరర్లమంతా రోడ్డు మీదే పాఠాలు చెప్పి నిరసన తెలిపేవాళ్లం. ఆ రోజు నా వంతు. పక్కనే టెంటులో రిలే నిరాహార దీక్ష, అందులో మా బాపు కూర్చున్నాడు.

తారు మీద సుద్దముక్కతో బారెడు పొడవున గుండె రక్తనాళం, కొమ్మలతో సహా గీశాను. దాని లోపలి గోడ కణాల మీద చక్కెర అణువులు సన్నటి నూగులా పరుచుకుని ఉంటాయి. ఆ పొర పలచబడిన చోటే కొవ్వు గోడలోకి దూరుతుంది, నాళం పూడటం మొదలవుతుంది. నాకెంత ఇష్టమైన పాఠమో! ఉత్సాహం పట్టలేక, సాయంత్రం దీక్ష విరమించేవాళ్ల నిమ్మరసానికి తెచ్చిన చక్కెర గుప్పెడు తీసి గోడ వెంబడి పోశాను. ఈ చక్కెర, ఆ చక్కెర ఒకటి కాదని చెప్పాననుకోండి.

చీమలు వచ్చాయి. అందులో వింతేం లేదు. కానీ మొదటి కొమ్మ చీలిన చోటికి కాస్త కిందుగా, బొటనవేలంత మేర మాత్రమే ఖాళీ చేశాయి. మళ్లీ పోశాను. మళ్లీ అక్కడే. మూడోసారీ అంతే. మిగతా చక్కెరలో ఒక్క గింజ కదల్లేదు. పిల్లలు పాఠం మరిచిపోయి చీమల్నే చూస్తున్నారు.

ఎందుకో బాపు వైపు తిరిగాను. చొక్కా చెమటతో తడిసిపోయింది. పొద్దటి నుంచి ఛాతీలో మంట అంటున్నాడట. దీక్షలో కూర్చున్నవాళ్లకు అది మామూలేనని పక్కవాళ్లు సర్దిచెప్పారట.

"గిది ఒక్కపొద్దు మంటనే బిడ్డా. నడుమ లేస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు.

నేను వినలేదు. నలుగురితో లేపించి జీపెక్కించి దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయాను. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

డాక్టర్ తెర మీద బాపు రక్తనాళం చూపించాడు. మొదటి కొమ్మకు కాస్త కిందుగా పూడిక. చాలామందికి అక్కడే పూడుతుందని ఆయన అన్నాడు. సరే, నాకూ తెలుసు. మరి చీమలకెట్లా తెలుసు?

బాపు ఇప్పటికీ పొద్దున్నే గడప పక్కన చెంచాడు చక్కెర పోస్తాడు. సైన్స్ చెప్పేదాన్ని, వద్దనాలి. డబ్బా అయిపోతే నేనే నింపి పెడతాను.