చివరి ముంత

ఇన్నేళ్లుగా గొంతులో అడ్డుపడి ఉన్న మాట ఇది. మీ పేరు నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. వినండి, చాలు.

ఖానాపూర్ అవతల అడవిలో రోడ్డు వేస్తున్న రోజులు. నేను మేస్త్రిని. నాకు పని నేర్పిన చాచా, ఎంత ఎండైనా సరే, కూలీలందరూ తాగాకే నీళ్ల ముంత అందుకునేవాడు. ఆయన పోయాక ఆ పద్ధతి నేను పట్టుకున్నాను. చివర తాగే మేస్త్రి అని నాకూ పేరొచ్చింది. కూలీలు నేనంటే ప్రాణం పెట్టేవాళ్లు. మనుషుల్ని నడపడం ఇతన్ని చూసి నేర్చుకోండని పై సార్లు అనేవారు.

కానీ నేను చాచాను కాను. ముందు దారి చూసొస్తానని చెప్పి రోజూ మధ్యాహ్నం వాగు మలుపుకు వెళ్లేవాణ్ణి. అక్కడ ఎండిన ఇసుకలో చిన్న చెలిమె, నేను తవ్వుకున్నదే. ఆకులు రాలిన టేకు చెట్ల మధ్య ఎండ అలలుగా ఆడుతుంటే, ఊరిన నీళ్లు దోసిళ్లతో తాగి, మూతి తుడుచుకుని వచ్చి అందరి వెనుక నిలబడేవాణ్ణి. అది మోసమా? అప్పుడు అనిపించలేదు. వాళ్ల వాటా తాగలేదు కదా అనుకున్నాను. ఏం తెలివి!

ఒకరోజు నీళ్లు తెచ్చే కావడి కుండ ఒకటి దారిలో పగిలింది. తలా ఒక ముంత మాత్రమే వచ్చింది. ఆడకూలీలకు పెద్దదిక్కు పోశవ్వ, తన ముంతను పక్కనున్న బాలింతకు ఇచ్చేసింది. నా ముంత ఆమె ముందు పెట్టాను.

“పొద్దుగాల్నుంచి నువ్వే తాగకపోతివి మేస్త్రీ. నేనెట్ల తాగుత?” అంది.

నా గొంతు ఇంకా చల్లగానే ఉంది. తాగొచ్చానని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అందరూ నావైపే చూస్తున్నారు, ఆ చూపుల్లో నేను చాచా అంత ఎత్తున ఉన్నాను, అక్కడి నుంచి దిగడం నా వల్ల కాలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ ముంత ఇంకెవరో తాగేశారు.

పొద్దు వాలకముందే పోశవ్వ కంకర కుప్ప మీద ఒరిగిపోయింది. వడదెబ్బ. బండి ఊరు చేరేసరికి ప్రాణం లేదు. మేస్త్రి గుణమే ఆమెకూ వచ్చిందని వాళ్లింటి ముందు అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. నేను తల దించుకుంటే అదీ మంచితనమే అనుకున్నారు.

మళ్లీ చెలిమె దగ్గరికి పోలేదు. పని మానేదాకా నిజంగానే చివర తాగాను. ఏం లాభం? ఇప్పటికీ కునుకు పడితే ఆ మలుపే. చెలిమె ఊరుతూనే ఉంటుంది. అవతల పోశవ్వ ఖాళీ ముంతతో నిలబడి ఉంటుంది. దాహమని అనదు. నేనేదో చెబుతానని చూస్తుంటుంది.

ఆ రోజు ఆమెకు చెప్పాల్సిన మాట ఇవాళ మీ ముందు చెబుతున్నాను. నేను తాగొచ్చిన, పోశవ్వా. నువ్వు తాగు.