కాలేజీ కోవ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఊళ్లోనే లేదు. మధ్యాహ్నం మిగిలింది రాత్రికి ఇంకొకటిగా మారాలి, రాత్రి మిగిలింది పొద్దున్నే పెరుగులో కలవాలి, అప్పటికీ మిగిలితే గేదె కుడితిలోకి వెళ్లాలి. అదొక విద్య అని ఎవరూ అనుకోలేదు, దానికో పేరూ పెట్టలేదు. పేరు పెట్టింది వారపత్రికల వాళ్లు. 'మిగిలిన పదార్థాలతో సులువైన వంటలు' అని వారానికో పేజీ వచ్చేది. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు నేను ఆ పేజీలన్నీ కత్తిరించి దాచుకున్నాను. (అప్పటికి నాకు వండటం రాదు. వండటమే రానిదానికి మిగలడం ఎక్కడిదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.) పెళ్లయి, జూలూరుపాడు దాటాక రోడ్డు పక్కనే ఉన్న అత్తవారి ఊరికి వచ్చినప్పుడు, పెట్టెలో చీరల కింద ఆ కాగితాలు కూడా వచ్చాయి.

మా మామగారి వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలం కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. పెద్ద కోడలు మాత్రం ఇల్లెందు వైపు అమ్మాయి. వరసకు నాకు తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. నేను గుమ్మంలో అడుగుపెట్టిన వారానికే 'కాలేజీ' అని పెట్టేసింది, అదే ఖాయమైంది. వంటింట్లో రెండు పొయ్యిలు పక్కపక్కనే ఉండేవి. రెండింటికీ ఆమె ఒక్కతే. నాకు కూరగాయలు తరిగే పని, గిన్నెలు అందించే పని ఇచ్చింది. ఎప్పుడైనా పొయ్యి వైపు జరిగితే, "పొగ వట్టదు నీకు. పో, పేపర్ సదువుకో" అనేది. తిట్టినట్టు ఉండేది కాదు. చుట్టానికి మర్యాద చేసినట్టు ఉండేది, అదే నాకు బాధ. తిట్టినా బాగుండేది. ఆ రెండో పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంటే తప్ప నేను ఆ ఇంటి మనిషిని కాలేనని నాకు గట్టిగా అనిపించేది.

ఒకసారి ధైర్యం చేసి నా కాగితాల్లోంచి ఒకటి తీసి చదివి వినిపించాను. "మిగిలిన బ్రెడ్డు ముక్కల్ని పాలల్లో నానబెట్టి..."

"బ్రెడ్డు జరమొచ్చినోళ్లు గదనే తినేది? ఇంట్ల ఎవరికన్న జరమొచ్చిందా?"

"మిగిలితే అక్కా."

"జరం తగ్గినంక మిగుల్తది. అప్పుడు జూద్దం తియ్."

ఆ ఏడాది శ్రీరామనవమి వచ్చింది. భద్రాచలం కల్యాణానికి వెళ్లే బస్సులు, లారీలు, ట్రాక్టర్లు మా ఊరి మీదుగానే పోయేవి. రోడ్డు పక్కన పందిరి వేసి యాత్రికులకు పానకం, వడపప్పు పంచడం మామగారి ఆనవాయితీ. కిందటేడు పానకం మధ్యలో అయిపోయిందట. ఎవరో ఒకాయన బస్సు కిటికీలోంచి, "ఖాళీ గ్లాసులు చూపించడానికా పందిరేసింది?" అన్నాడట. మామగారు ఆ మాటను ఏడాది పొడవునా మోశారు. ఈసారి గంగాళాల నిండా పెసరపప్పు నానబోయించారు. బిందెలకు బిందెలు పానకం కలిపించారు. ఎండకు దప్పిక తీరాలని బెల్లం, మిరియాలు, ఏలకులతో పాటు నిమ్మకాయలు కూడా పిండించారు. (ఈ నిమ్మకాయల్ని గుర్తుంచుకోండి.) పప్పులో కొబ్బరీ మామిడి తురుమూ మాత్రం పంచేటప్పుడు ఎప్పటికప్పుడు కలుపుదామన్నారు. ఆ ఒక్క ముందుచూపే తర్వాత మమ్మల్ని కాపాడింది.

బస్సులు రాలేదు. తల్లాడ ఇవతల రోడ్డుకు అడ్డంగా వెదురు లారీ పడిపోయిందని, బండ్లన్నీ సత్తుపల్లి మీదుగా తిప్పేశారని ఎండెక్కాక ఒక సైకిలాయన చెప్పాడు. పందిరి కింద మామగారు కొత్త పంచె కట్టుకుని, గరిటె పట్టుకుని, ఖాళీ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. మా ఊరి పిల్లలే తాగారు, మళ్లీ తాగారు, కడుపులో నీళ్లు చప్పుడు చేస్తుంటే పరుగెత్తి అది ఒకరికొకరు వినిపించుకున్నారు. మధ్యాహ్నానికి గంగాళాలు, బిందెలు ఎడ్లబండి మీద ఇంటికొచ్చాయి. వెనకే నడిచి వచ్చిన మామగారు వరండాలో పడక్కుర్చీలో కూలబడ్డారు.

"దేవుడి పేరు చెప్పి నానబోసింది. ఒక్క బద్ద నేలపాలైనా నేను విస్తరి ముందు కూర్చోను" అన్నారు.

అత్తగారికి ఒళ్లు మండింది. "పొద్దుట్నుంచీ ఉపవాసం. ఇంకా పస్తుంటారా? రాముడేమన్నా మిమ్మల్ని అడిగాడా?"

"అడగలేదు, నేనే మాటిచ్చాను. ఇది నాకూ ఆయనకూ మధ్య సంగతి."

ముందు అందరికీ తోచిన ఉపాయమే మాకూ తోచింది. మా ఆయనకు సైకిల్ ఇచ్చి, గిన్నెల నిండా వడపప్పు పోసి ఊళ్లోకి పంపాం. నవమి రోజున ప్రతి ఇంట్లోనూ వడపప్పు ఉంటుందన్న సంగతి అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. ఆయన తిరిగొచ్చేసరికి గిన్నెలన్నీ నిండుగానే ఉన్నాయి.

"ఇయ్యలేదా?" అంది అక్క.

"ఇచ్చాను వదినా. వాళ్లూ ఇచ్చారు."

ఖాళీ గిన్నె పంపడం మర్యాద కాదు కదా. మా పప్పు పోయి, కొబ్బరి ముక్కలతో, మామిడి తురుముతో ఊరందరి పప్పూ మా ఇంటికొచ్చింది. అక్క ఆ గిన్నెల వైపు చూసి, గంగాళాల వైపు చూసి, చివరికి నా వైపు చూసింది.

"గట్ల నిలవడ్డవేందే కాలేజీ? నీ కాయితాలు తియ్. ఇయ్యాల గాకపోతె ఇంకెప్పుడు?"

ఆమె నన్ను ఒకటి అడగడం అదే మొదలు. పెట్టె దగ్గరికి పరుగెత్తాను. నిజంగానే నానబెట్టిన పప్పు మీద ఒక కాగితం ఉంది. పైకి చదివాను. "మిగిలిన నానిన పప్పు, చిన్న కప్పు."

"చిన్న కప్పా? గంగాళాన్ని చిన్న కప్పు జేసుడెట్లనో గది గూడ రాసిన్రా?"

రాయలేదు. కాగితం మడిచేశాను. అప్పుడు అత్తగారు చీర కుచ్చిళ్లు దోపుకుని లేచారు. ఆ తర్వాత జరిగినదాన్నే ఇప్పుడు పత్రికల వాళ్లు సులువైన వంటలంటారు. కొబ్బరీ మామిడీ కలిసిన పప్పును పచ్చిమిర్చి, అల్లంతో బరకగా రుబ్బితే అట్లకు పనికొచ్చింది. మామిడి పులుపు ఉంది కాబట్టి చట్నీ కూడా అక్కర్లేకపోయింది. ఉత్త పప్పులో కొంత రుబ్బి ఇడ్లీ పళ్లేల్లో ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చేత్తో పొడి చేసి, ఉల్లిపాయల పోపులో వేయించారు. అది అన్నంలోకి కూర, మర్నాటి దాకా చెడదు. మిగిలినదంతా జీలకర్ర వేసి మెత్తగా రుబ్బి, డాబా మీద తడిగుడ్డ పరిచి వడియాలు పెట్టాం. ఏప్రిల్ ఎండ, కాళ్లు ఆనించలేకపోయాం. అక్క రోలు ముందు, అత్తగారు డాబా మీద, నేను పైకీ కిందికీ.

పానకం అలాగే ఉండిపోయింది. అక్క రోట్లోంచి చెయ్యి తీయకుండానే అంది. "నువ్వు జేస్తవా?"

"పాయసం చేస్తాను" అన్నాను.

రెండో పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాను. పెద్ద గుండిగలో పానకం పోసి మరిగించాను. పొగ కళ్లలోకి వెళ్లినా తుడుచుకోలేదు, ఆమె చూస్తుందని. పానకం సగానికి వచ్చాక, పాయసం అంటే పాలే కాబట్టి, ఆ పూట గేదె పాలన్నీ అందులో గుమ్మరించాను. చెప్పాను కదా, నిమ్మకాయలు. పాలు విరిగాయి. కాస్త కాదు, గుండిగంతా పిండి ముద్దలు తేలినట్టు విరిగాయి. ఇంటిల్లిపాదీ కాఫీకి చూసుకుంటున్న పాలు. నా కాగితాల్లో దీనికి మందు లేదు. పాలు విరుగుతాయని కూడా వాళ్లెక్కడా రాయలేదు.

డాబా మీంచి అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఏంటా వాసన?"

అక్క వచ్చి గుండిగలోకి తొంగి చూసింది. నా మొహంలోకి చూసింది. పైకి తలెత్తి, "కోవ జేస్తున్నం అత్తమ్మా" అంది.

"ఏం కోవా?"

"కాలేజీ కోవ!"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చేతులకు పిండితోనే నా పక్కన పీట లాక్కుని కూర్చుంది. గరిటె నా చేతిలోనే పెట్టింది, తను తీసుకోలేదు. "ఏడ్వకు. తిప్పు" అంది.

తిప్పాను. నా చెయ్యి పడిపోతే ఆమె తిప్పింది, ఆమెది పడిపోతే నేను. మిరియాల ఆవిరికి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. మధ్యలో ఆమె గుప్పెడు పెసరపిండి నేతిలో వేయించి అందులో కలిపింది. ఎందుకని అడిగితే, "గంగాళం ఖాళీ గావాలె గద" అంది. చీకటి పడుతుండగా అన్ని బిందెల పానకం, అన్ని పాలు కలిసి ఒక పెద్ద పళ్లెంలోకి వచ్చాయి. గోధుమరంగులో, రవ్వరవ్వగా.

మామగారిని విస్తరి దగ్గరికి పిలిస్తే రాలేదు. "డాబా మీద ఇంకా పచ్చి వడియాలున్నాయి. అవి ఏమవుతాయో ఏమో" అన్నారు.

"డాబా మీదున్నవి నేలపాలెట్లా అవుతాయండీ? లేచి తినండి" అన్నారు అత్తగారు.

ఆయన కాసేపు ఆలోచించి, న్యాయం ఉందనుకున్నట్టున్నారు, లేచారు. కోవ నోట్లో వేసుకున్నారు. మిరియం గొంతుకు తగిలింది. దగ్గారు. కళ్లలో నీళ్లొచ్చాయి. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. అందరం ఆయన మొహం వైపే చూస్తున్నాం.

"తీపి తింటే దగ్గొచ్చిందేంటమ్మా?" అన్నారు. మంచినీళ్లు తాగారు. తర్వాత విస్తరి ముందుకు జరిపి, "ఇంకొంచెం పెట్టు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే నేను అలవాటుగా కత్తిపీట దగ్గరికి వెళ్తుంటే, అక్క తల తిప్పకుండా ఊదుగొట్టం నా వైపు దొర్లించింది. "నువ్వు పప్పు జూడు. నేను అన్నం వారుస్త." అంతే. అంతకన్నా ఏమీ అనలేదు. ఆ కాగితాలు కొంతకాలం పొయ్యి అంటించడానికి బాగా పనికొచ్చాయి.

తమాషా ఏమిటంటే, మామగారు ఆ తర్వాత ప్రతి నవమికీ ఆ కోవ అడిగేవారు. తాజా బెల్లంతో, తాజా నిమ్మరసంతో చేసిపెడితే, "బాగుంది. కానీ ఇది కాదు" అనేవారు. పొద్దుటినుంచీ పందిరి కింద ఊరిన పానకమే కావాలి. అది మిగలాలి. ఆయనేమో మిగలకుండా పంచేవారు. అందుకని అక్కా నేనూ ఏటా ఒక బిందె పానకం ముందే దొంగిలించి ధాన్యపు కొట్లో దాచేవాళ్లం. ఆయన పందిట్లో, "అడగండి, మొహమాటపడకండి" అని పిలుస్తుంటే మేమిద్దరం కొట్టు తలుపుకి తాళం వేసేవాళ్లం. "మిగలకపోతె మిగిలించుకోవాలె" అనేది అక్క, నడుముకు తాళంచెవి దోపుకుంటూ.

మామగారు వెళ్లిపోయారు, తర్వాత అత్తగారు. ఆ పొయ్యిల ఇల్లు ఇప్పుడు లేదు. కిందటి చలికాలం అక్క కూడా వెళ్లిపోయింది. చివరిసారి చూడబోయినప్పుడు కూడా, "వచ్చిందా కాలేజీ" అని పక్కనున్నవాళ్లను అడిగింది.

మొన్న నవమికి ఖమ్మంలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు పానకం పంచారు. కాగితం గ్లాసులో, నాలుగు గుటకలు. తాగలేదు. సాయంత్రం దాకా వంటగట్టు మీద ఉంచి, గ్యాస్ పొయ్యి మీద మరిగించి, ప్యాకెట్ పాలు పోశాను. విరగలేదు. ఎవరూ నిమ్మకాయ పిండినట్టు లేరు. అరవై దాటినదాన్ని, గిన్నెలోకి వంగి, విరగండమ్మా అని పాలను బతిమాలుకుంటూ నిలబడ్డాను. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి సరిపోయింది. చివరికి అర చెక్క నిమ్మకాయ పిండాను. విరిగాయి. ఆవిరిలో మిరియం వాసన వచ్చింది, తుమ్మొచ్చింది, నవ్వొచ్చింది, కళ్లు తడిశాయి. గరిటె అందుకుని, ఇల్లెందు యాసలో నాకు నేనే చెప్పుకున్నాను, ఏడ్వకు, తిప్పు అని.