రేకులు తీయడానికి నేనడిగిన అనుమతి

ఒక్క ఉత్తరం ముక్కతో వీధి వీధినంతా పగవాళ్ళను చేసుకున్న మహానుభావుణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. చూడాలనుంటే మారేడ్‌పల్లిలో మా వీధికొచ్చి "రేకులాయన ఇల్లెక్కడ?" అని అడగండి. చూపిస్తారు. మంచినీళ్ళు మాత్రం ఇవ్వరు.

అప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. మా డాబా మీద సిమెంటు రేకుల గది ఒకటి ఉండేది. అందులో నా భార్య సుగుణ కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పెళ్ళిళ్ళ కాలం, గది నిండా పట్టుబట్టలు. పైన చూస్తే రేకులు పగుళ్ళిచ్చి చినుకు పడితే కారుతున్నాయి.

"వానలు ముదిరేలోగా ఆ రేకులు మార్పించండీ. పెళ్ళికూతురి జాకెట్ మీద ఒక్క మరక పడిందంటే నా పేరు పోతుంది," అంది సుగుణ.

రేకుల పని చేసే యాదగిరిని పిలిచాను. అతను సుత్తి తెచ్చుకున్నాడు. సరిగ్గా అక్కడే నా జ్ఞానం వికసించింది. ఆ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుందనీ, పగలగొడితే కంటికి కనబడని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగబడతాయనీ ఫోనులో చదివాను. పరాయి దేశాల్లో కొన్ని రాష్ట్రాల్లో వాటిని ముట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలట. పని మొదలెట్టే ముందే సర్కారుకు కబురు పెట్టాలట. ఇరుగుపొరుగుకు చెప్పాలట. అదంతా మంచికే సుమండీ, దాన్ని నేను వెక్కిరించడం లేదు. వెక్కిరించాల్సింది నన్ను.

"నీకు లైసెన్సు ఉందా?" అన్నాను.

"బండిదా అన్నా?"

"రేకులు తీసేది!"

యాదగిరి సుత్తి కింద పెట్టాడు. "గిదేందన్నా? రేకు తీసుడుకు లైసెన్సా? ఉంటే చెప్పు, నేను సుత తీసుకుంట. ఎవరిస్తరు?"

ఎవరిస్తారు? ఆ ప్రశ్న నా చెవిలో జోరీగలా దూరింది. తిన్నా అదే, పడుకున్నా అదే. తెలుసుకోకపోతే చచ్చిపోయేలా ఉన్నాను. కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకు పోయాను.

"మీ ఫ్యాక్టరీ ఎక్కడ?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"ఫ్యాక్టరీ కాదండీ, డాబా మీద గది."

"పొగ వస్తదా?"

"మా ఆవిడకు కోపం వస్తే తప్ప రాదండీ."

ఆయన నవ్వలేదు. వార్డు ఆఫీసుకు పొమ్మన్నాడు. అక్కడి ఆఫీసర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"రేకులు ఏసుకుంటమని వచ్చినోళ్ళను చూసిన. తీస్తనని అడగొచ్చింది మీరే సార్. తీసుకోన్రి, ఎవరొద్దన్నరు?"

బుద్ధున్నవాడైతే అప్పుడే ఇంటికొచ్చేవాడు. నేను ఉత్తరం రాశాను. గది పొడవు, వెడల్పు, నాలుగు వైపుల నుంచి ఫోటోలు. చివర "దయచేసి వచ్చి పరిశీలించగలరు" అని వినయంగా ఒక మాట. ఇరుగుపొరుగుకు ముందే చెబుతానని కూడా రాసి, వార్డు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను.

చెప్పడానికి ఎదురింటి నర్సింగరావు గారి దగ్గరకు పోయాను. ఆయన చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది.

"ఆఫీసర్‌ను నువ్వే పిలిస్తివా? ఏం మనిషివి తమ్మీ! పరేషాన్‌ను ఇంటికి రమ్మని ఎవరన్న పిలుస్తరా?"

"మనం తప్పేం చేశామండీ?"

ఆయన కప్పు కింద పెట్టాడు. గబగబా డాబా ఎక్కి, తన రేకుల గది మీద నీలం టార్పాలిన్ కప్పడం షురూ చేశాడు.

మా వీధి సంగతి మీకు చెప్పాలి. ప్రతి డాబా మీదా ఒక గది ఉంటుంది. పైన స్లాబు వేస్తే అది అంతస్తు, కాగితాలు అడుగుతారు. రేకులు వేస్తే అది షెడ్డు, ఎవరూ తలెత్తి చూడరు. అలాగని ఎక్కడా రాసి లేదు, ఎవరూ నోరు విప్పరు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, రేకుల గదంత సుఖం లేదు! అప్పటికి ఈ సంగతి నాకొక్కడికే తెలియదు.

ఆఫీసర్ వచ్చాడు. రేకుల వంక చూడనైనా లేదు. గోడ మీద వేలితో కొట్టి చూశాడు.

"రేకులు తియ్యనీకి పర్మిషన్ అక్కర్లేదు సార్. ఈ గోడలు కట్టనీకి ఉన్నదా?"

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

ఆయన వీధివైపు తిరిగాడు. "ఆ నీలం టార్పాలిన్ కింద ఏమున్నది?"

"అదీ రేకుల గదేనండీ," అన్నాను. నిజం చెప్పడం మొదలెడితే ఆపుకోవడం కష్టం.

"పక్కది?"

"అదీనండీ."

ఆయన సంతోషంగా తలాడించాడు. "చుట్టుపక్కలోళ్ళకు ముందుగాల చెప్తనని రాసిన్రు గద. చెప్పున్రి సార్. అందరియి సుత చూస్త."

చెప్పాను. ఇంటింటికీ పోయి చెప్పాను. ఆ వాకిళ్ళలో నేను విన్న మాటలు ఇక్కడ రాయలేను.

గదులన్నీ తీసేయమని వీధంతటికీ నోటీసులొచ్చాయి. చివరికి యాదగిరే మా రేకులు విప్పాడు. సుత్తి ముట్టనివ్వలేదు. నీళ్ళతో తడిపించి, ఒక్కటీ పగలకుండా దింపించాను. "గోడలకు లైసెన్సు అడగవా అన్నా?" అన్నాడు దొంగ.

కుట్టుమిషన్ మా ముందుగదిలోకి వచ్చింది. పెళ్ళికూతుళ్ళు కొలతలివ్వడానికి వచ్చినప్పుడల్లా నేను బయటికి పోవాలి. బయటంటే వీధి. వీధిలో ఉండేది నర్సింగరావు గారూ ఆయన పరివారమూ.

"ఇంకెప్పుడూ ఏ ఆఫీసుకూ పోయి అడగనని దీని మీద ఒట్టు పెట్టండి," అని సుగుణ నా చేయి మిషన్ మీద పెట్టించింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి పాపం. పెట్టాను. కానీ పాడు బుద్ధి, ఊరుకోదే!

"అది సరే సుగుణా, ఇంట్లో మిషన్ పెట్టి కుట్టాలంటే ఏమైనా లైసెన్సు..."

సుగుణ కత్తెర అందుకుంది. ఆ ప్రశ్న ఈ జన్మలో పూర్తిచేయనని, వీధి అరుగు మీద కూర్చుని, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.